ధర్మసంకటం దగ్గర ఆట ఆగిపోతోందా? డీఎంల కోసం అలైన్‌మెంట్ సమస్యలు - పరిష్కారాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌గా ఆడే కథల ఆట, కథ నడిపేది డీఎం (డంజన్ మాస్టర్). క్యారెక్టర్ మంచీ చెడూ, క్రమం అరాచకం మధ్య ఎటు మొగ్గుతాడో చెప్పే ముద్ర అలైన్‌మెంట్. ఈ ఆటలో ఫైట్ దగ్గర గొడవ వస్తే రూల్ చూస్తే తేలిపోతుంది. "ఈ ఖైదీని చంపాలా, వదలాలా?" అన్న చోట మాత్రం గంటలు గడిచిపోతాయి, మనసులు నొచ్చుకుంటాయి. అయినా ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన ఘట్టాలు అక్కడే పుడతాయని నా నమ్మకం. అందుకే వాటిని పక్కన పెట్టకుండా బాగు చేసుకునే దారులు రాస్తున్నాను. స్పెల్స్, రూల్స్ గురించి చెప్పినవి 2014 నాటి ఐదో ఎడిషన్‌వి.

సమస్య: లొంగిపోయిన గాబ్లిన్ దగ్గర సెషన్ ఆగిపోయింది

ఫైట్ అయిపోయింది. మిగిలిన ఒక్క గాబ్లిన్ (ఆటలో శత్రువుగా వచ్చే చిన్నపాటి రాక్షసుడు) కత్తి పడేసి చేతులెత్తాడు. పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడ్డ యోధుడు) చంపొద్దంటాడు, రోగ్ (దొంగ తరహా క్యారెక్టర్) ఇక్కడే పని ముగిద్దామంటాడు, విజర్డ్ (మాంత్రికుడు) ఆడుతున్నతను ఫోన్ చూసుకుంటున్నాడు.

కారణం: చర్చ నీతి గురించే అనిపిస్తుంది కానీ, చాలాసార్లు కొరవడేది సమాచారం. ఈ రాజ్యంలో ఖైదీలను ఏం చేస్తారు? గాబ్లిన్లు పుట్టుకతోనే చెడ్డవాళ్ళా? వదిలేస్తే మళ్ళీ ఊరి మీద పడతాడా? డీఎం ఇవి చెప్పకపోతే ఒక్కో ప్లేయర్ ఒక్కో ప్రపంచాన్ని ఊహించుకుని, దాని తరఫున వాదిస్తాడు. ఇలాంటి వాదన ఎప్పటికీ తెగదు. ఆట తొలినాళ్ళ నుంచీ ఈ చిక్కు ఉంది. గ్యారీ గైగాక్స్ రాసిన 'ది కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' అనే అడ్వెంచర్‌లో, గుహల్లో ఉండే గాబ్లిన్లు, కోబోల్డ్‌లతో పాటు యుద్ధం చేయని వాళ్ళ పిల్లలు కూడా ఉంటారు.

పరిష్కారం: సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలుకాకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడే, ఒక్క మాట తేల్చేయండి. "మన ప్రపంచంలో గాబ్లిన్లు కూడా మనుషుల్లాగే మంచీ చెడూ ఎంచుకోగలరు" అనో, "వీళ్ళు మారరు" అనో. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను, రెండోదాంట్లో సంకటమే మిగలదు. తర్వాత ఖైదీకి ఒక చోటు చూపించండి: దగ్గర్లో కోట, అందులో చెరసాల, ఖైదీల మార్పిడికి ఒప్పుకునే సేనాపతి. చంపడం, వదలడం తప్ప మూడో దారి లేని ప్రపంచాన్ని కట్టి, ప్లేయర్లు తేల్చుకోలేకపోతున్నారని విసుక్కోవడం సరికాదు.

మెలీ దాడితో (దగ్గర నుంచి చేసే దాడి) శత్రువు హిట్ పాయింట్లు (ప్రాణబలం) సున్నాకి తెచ్చినప్పుడు, చంపకుండా స్పృహ తప్పించి వదిలేయొచ్చన్న రూల్ చాలామందికి గుర్తుండదు. ఫైట్ నడుస్తుండగానే గుర్తు చేయండి.

క్లెరిక్ (దైవశక్తి వాడే క్యారెక్టర్) దగ్గర జోన్ ఆఫ్ ట్రూత్ అనే స్పెల్ ఉంటే ఇంకా మంచిది. సేవింగ్ త్రోలో (స్పెల్‌ను తట్టుకోవడానికి వేసే పాచిక) ఓడినవాడు తెలిసి అబద్ధం ఆడలేడు, కానీ సూటిగా చెప్పకుండా తప్పించుకోవచ్చు. "మళ్ళీ ఊరి మీదకి వస్తావా?" అని అడిగితే రావాలని మనసులో ఉన్న గాబ్లిన్ "రాను" అనలేడు. "చలికాలంలో పిల్లలకి తిండి లేకపోతే ఇంకెక్కడికి పోవాలి?" అనగలడు. ఆ ఒక్క జవాబుతో టేబుల్ మీద మాట మారిపోతుంది. పాలడిన్ ఊళ్ళో గాదెల సంగతి ఆలోచిస్తాడు. రోగ్ గుహలో ఎంతమంది మిగిలారో అడుగుతాడు. విజర్డ్ కూడా ఫోన్ పక్కన పెడతాడు.

సమస్య: "నేనేం చేయను, నా క్యారెక్టర్ అలాంటిది"

ఒక ప్లేయర్ తోటివాళ్ళ సంచుల్లోంచే దొంగతనం చేస్తాడు, దారిన పోయే వర్తకుణ్ణి పొడుస్తాడు. అడిగితే క్యారెక్టర్ షీట్ మీద ఉన్న కేయాటిక్ న్యూట్రల్ (కట్టుబాట్లు పట్టని, మంచికీ చెడుకీ మధ్యలో ఉండే అలైన్‌మెంట్) చూపిస్తాడు.

కారణం: అలైన్‌మెంట్‌ను స్వభావంగా కాక అనుమతిపత్రంగా చదవడం. ఇందులో పాత పుస్తకాల పాత్ర కూడా ఉంది. 1989 నాటి రెండో ఎడిషన్ ఈ అలైన్‌మెంట్‌ను పిచ్చివాళ్ళతో ముడిపెట్టి వర్ణించింది, ఆ ముద్ర ఇంకా పోలేదు.

పరిష్కారం: ఆట ఆపి, క్యారెక్టర్‌తో కాకుండా ఆడుతున్న మనిషితో మాట్లాడండి. "ఈ క్యారెక్టర్‌ను తయారు చేసింది నువ్వే. ఈ నలుగురితో కలిసి తిరగడానికి అతనికి ఒక కారణం చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే సమస్య అక్కడితో సరి. చెప్పలేకపోతే ఆ క్యారెక్టర్ ఈ పార్టీకి పనికిరాదు, కొత్తది తయారు చేసుకోమనండి. కథలో శిక్షలు వేసి దారికి తేవాలని చూడొద్దు. కావలి సైనికుల్ని పంపితే అతనికి కావాల్సిన హడావిడే దొరుకుతుంది, మిగతావాళ్ళ సాయంత్రం పాడవుతుంది.

సమస్య: ఏం చేసినా పాలడిన్‌కే తప్పు అంటుకుంటోంది

కారణం: ఇది ధర్మసంకటం కాదు, ఉచ్చు. పాత ఎడిషన్లలో పాలడిన్ లాఫుల్ గుడ్‌గానే (క్రమాన్నీ మంచినీ పాటించే అలైన్‌మెంట్) ఉండాలి, తెలిసి ఒక్క చెడ్డ పని చేసినా శక్తులు పోతాయి. దాంతో కొందరు డీఎంలకు పాలడిన్‌ను పడగొట్టే సన్నివేశాలు అల్లడం అలవాటైంది. అబద్ధం ఆడితే వ్రతభంగం, నిజం చెబితే పసివాడి ప్రాణం పోతుంది. ఎటు పోయినా శిక్షే అయినప్పుడు ఆ ప్లేయర్‌కు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

పరిష్కారం: ఐదో ఎడిషన్ పాలడిన్‌కు అలైన్‌మెంట్ షరతు తీసేసి, ప్రమాణాన్ని ఆధారం చేసింది. ఓత్ ఆఫ్ డివోషన్ (నిష్ఠ ప్రమాణం) తీసుకున్నవాడూ, ఓత్ ఆఫ్ వెంజెన్స్ (ప్రతీకార ప్రమాణం) తీసుకున్నవాడూ ఒకే ఖైదీని వేర్వేరుగా చూస్తారు, ఇద్దరూ పాలడిన్లే. ఆ ప్రమాణంలోని సూత్రాలను ప్లేయర్‌తో కూర్చుని ముందే చదవండి, వాటిలో ఏవి ఒకదానికొకటి అడ్డొస్తే ఏది ముందో అతన్నే చెప్పమనండి. ఆటలో గీత దాటబోతుంటే పని జరగకముందే హెచ్చరించండి: "ఇది చేస్తే నీ ప్రమాణానికి దెబ్బ తగులుతుందని నీకు తెలుసు. అయినా చేస్తావా?" తెలిసి చేసిన పనికే బరువు ఉంటుంది. ప్రమాణం తప్పినా, ప్రాయశ్చిత్తానికి దారి తెరిచి ఉంచండి.

సమస్య: డిటెక్ట్ ఈవిల్ వేసి దోషిని పట్టేస్తున్నారు

కారణం పేరులోనే ఉంది. ఐదో ఎడిషన్‌లో డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ మనుషుల బుద్ధిని చూపించదు. ముప్పై అడుగుల్లో అబరేషన్, సెలెస్టియల్, ఎలిమెంటల్, ఫే, ఫీండ్, అన్‌డెడ్ అనే రకాల జీవులు ఉంటే చెబుతుంది. లంచగొండి న్యాయాధికారి అందులో పడడు. స్పెల్ వివరణ టేబుల్ మీద ఒకసారి చదివితే చాలు.

సమస్య: ఎంతో ఆలోచించి పెట్టిన సంకటాన్ని ఎవరూ పట్టించుకోలేదు

"ఊరిని కాపాడాలా, రాజధానిని కాపాడాలా?" అని అడిగారు. అర నిమిషంలో నాణెం ఎగరేసి తేల్చేశారు.

కారణం: ఆ ఊళ్ళో వాళ్ళకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఎంతమంది పోతారన్న లెక్క ఎవరినీ కదిలించదు.

పరిష్కారం: సంకటానికి కనీసం రెండు సెషన్ల ముందే మనుషుల్ని పరిచయం చేయండి. దెబ్బలతో వచ్చిన పార్టీకి డబ్బు తీసుకోకుండా గంజి పోసిన పూటకూళ్ళమ్మ ఆ ఊళ్ళో ఉండాలి. రోగ్ అప్పుపడ్డ మనిషి రాజధానిలో ఉండాలి. ఎటు వెళ్తే ఏం పోతుందో దాచకుండా చెప్పండి, గడువు పెట్టండి. ప్లేయర్లు మీరు ఊహించని మూడో దారి కనిపెడితే అడ్డుకోకండి, దానికీ ఒక ఖరీదు చెప్పి సాగనివ్వండి. ఎంచుకున్న తర్వాత ఫలితం తప్పకుండా కనిపించాలి. ఊరు కాలిపోతే, పది సెషన్ల తర్వాతైనా ఆ దారిలో కాలిన గోడలు ఎదురుకావాలి.

సమస్య: "ఇది గుడ్ కాదు" అని డీఎం, "ముమ్మాటికీ గుడ్డే" అని ప్లేయర్

కారణం: ఇద్దరూ అలైన్‌మెంట్‌ను తీర్పు అనుకుంటున్నారు. 1974లో ఆట వచ్చినప్పుడు లా, న్యూట్రాలిటీ, కేయాస్ అనే మూడు పక్షాలే ఉండేవి. వాటికి గుడ్, ఈవిల్ కలిపిన తొమ్మిది గదుల పట్టిక ఆ తర్వాత వచ్చింది. 2008లో నాలుగో ఎడిషన్ దాన్ని ఐదుకు తగ్గించింది, ఐదో ఎడిషన్ తొమ్మిదినీ మళ్ళీ తెచ్చింది. ఇన్నిసార్లు మారిన పట్టిక కోసం స్నేహాలు చెడగొట్టుకోవడం ఎందుకు?

పరిష్కారం: ఒక్క పనికి అలైన్‌మెంట్ మార్చకండి. వరసగా అదే ధోరణి కనిపిస్తే, సెషన్ అయ్యాక "నీ క్యారెక్టర్ ఎటు పోతున్నాడనుకుంటున్నావ్?" అని అడిగి, షీట్ అతన్నే దిద్దుకోమనండి. అప్పటికీ టెన్షన్ తగ్గకపోతే పట్టికే తీసేయండి. డీ అండ్ డీ లాంటి మరో ఆట పాత్‌ఫైండర్ 2023 రీమాస్టర్‌లో (దిద్దిన కొత్త కూర్పులో) అదే చేసింది. అలైన్‌మెంట్ బదులు, క్యారెక్టర్ చేసి తీరాల్సినవి కొన్ని, ఎన్నటికీ చేయకూడనివి కొన్ని రాసుకుంటారు. ఈ పద్ధతి డీ అండ్ డీ టేబుల్ మీదా చక్కగా నడుస్తుంది.

సమస్య: ఒకరు ఉన్నట్టుండి మౌనంగా అయిపోయారు

ఇది అన్నిటికన్నా ముందు చూడాల్సింది. ఖైదీని హింసించే సన్నివేశమో, పిల్లల చావో ఆ మనిషికి ఆటలా అనిపించకపోవచ్చు. వెంటనే ఆపి టీ బ్రేక్ ఇవ్వండి. అందరి ముందు కారణం అడగొద్దు. విడిగా "ఈ సీన్ వదిలేద్దామా?" అని అడిగి, అవునంటే వదిలేయండి. తర్వాతి సెషన్‌కు ముందు, అసలు రాకూడని విషయాలేవో, వచ్చినా తెర వెనకే జరిగిపోవాల్సినవేవో అందరి దగ్గరా రాయించుకోండి. పేర్లు రాయక్కర్లేదు.