లిప్ బామ్ వెనక ఉన్న సన్నక్షరాలు చదివే పద్ధతి

నా ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. ఎక్కడ కామా తప్పింది, ఎక్కడ ఒత్తు ఎగిరిపోయింది అని పొద్దస్తమానం అక్షరాల మీద పడి ఉంటాను. అలాంటి నేను, ఎనిమిది నెలలు రోజూ పెదవులకు రాసుకున్న లిప్ బామ్ వెనక ఏం రాసుందో ఒక్కసారి కూడా చదవలేదు. పెదవుల మూలలు చిట్లేవి, మండేవి. మండితే ఇంకాస్త రాసేదాన్ని. రాయగానే చల్లగా అనిపించేది, హమ్మయ్య అనుకునేదాన్ని. అరగంటకు మళ్లీ ఎండిపోయేవి.

చివరికి చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆవిడ మందేమీ రాయలేదు. “మొహానికీ పెదవులకీ రాసుకునేవన్నీ ఒక సంచిలో వేసుకుని రండి” అన్నారు. పట్టుకెళ్లాను. లిప్ బామ్ తీసి వెనక్కి తిప్పి, ఆఖరి వరుస మీద వేలు పెట్టారు: మెంథాల్, క్యాంఫర్ (కర్పూరం), అరోమా (వాసన కోసం వేసేది). “ఆ చల్లదనం మెంథాల్ చేసే మాయ అమ్మా” అన్నారు. చలిని పసిగట్టే నరాలను మెంథాల్ తట్టి లేపుతుందట. పెదవి చల్లబడదు, తేమా చేరదు, చల్లబడినట్టు అనిపిస్తుందంతే. చిట్లిన చర్మానికి పైగా మంట. దాన్ని మానేసి వాసన లేని ఉత్త పెట్రోలియం జెల్లీ రాసుకుంటే మూడు వారాల్లో మూలలు మానిపోయాయి. పొట్టకూటి కోసం అక్షరాలు చదివేదాన్ని, నాకు అవసరమైన అక్షరాలు మాత్రం చదవలేదన్న ఉక్రోషంతో అప్పట్నుంచి డబ్బాల వెనక ఉండే పదార్థాల జాబితాలు చదివే ఈ పని మొదలుపెట్టాను.

ముందుగా వరుసక్రమం. చాలా దేశాల నిబంధనల ప్రకారం పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. అంటే మొదటి ఐదారు పేర్లే అసలు సరుకు, డబ్బాలో సింహభాగం వాటిదే. అయితే ఒక మెలిక ఉంది. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందుకే కంపెనీలు అందమైన పేర్లను ఆ గుంపులో ముందుకు జరుపుతాయి. గులాబీ సారం, తామర సారం ముందు, పొడిపొడి రసాయనాల పేర్లు వెనక.

మరి ఆ 1 శాతం గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నేను పెన్సిల్ పట్టుకుని ‘ఫినాక్సీఇథనాల్’ కోసం వెతుకుతాను. క్రీములు, సీరమ్‌లు పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ అది. యూరోపియన్ యూనియన్‌లో దానికి గరిష్ఠ పరిమితి 1 శాతం. కాబట్టి ఆ పరిమితికి లోబడి చేసిన క్రీములో ఆ పేరు తర్వాత వచ్చేవేవీ 1 శాతం దాటవు. ఆ పేరు లేకపోతే జాంథన్ గమ్, కార్బోమర్, డైసోడియం ఈడీటీఏ లాంటివి చూడండి. ఇవి కూడా మామూలుగా చిటికెడే వేస్తారు.

గీత దొరికింది కదా అని కింద ఉన్నవన్నీ దండగ అనుకోకండి. నేను మొదట్లో ఆ పొరపాటే చేశాను. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో ‘హయాలురోనిక్ యాసిడ్’ అని ఉండి, వెనక దాని లవణ రూపమైన ‘సోడియం హయాలురోనేట్’ గీత కింద కనిపిస్తే మోసం అని కొట్టిపారేసేదాన్ని. తర్వాత తెలిసింది, దాన్ని నీళ్లలో 1 శాతం కలిపితేనే చిక్కటి జిగురులా అయిపోతుందని. అందుకే మామూలుగా అంతకంటే ఎక్కువ వేయరు. విటమిన్ ఎ రూపమైన రెటినాల్ కూడా 1 శాతం లోపే పనిచేసే సరుకు. నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) సంగతి వేరు. దాని మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా 2 నుంచి 5 శాతం మోతాదుతో చేసినవి. కాబట్టి నయాసినమైడ్ గీత కింద ఉంటే అది పేరుకే ఉందని నా లెక్క. ఏ పదార్థానికి ఎంత మోతాదు కావాలో తెలియకుండా స్థానం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

లిప్ బామ్‌ దగ్గర ఈ గీత పద్ధతి సరిగ్గా పనిచేయదు. చాలా బామ్‌లలో నీళ్లే ఉండవు, అన్నీ నూనెలూ మైనాలే. నీళ్లు లేని చోట సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి ఫినాక్సీఇథనాల్‌తో పని ఉండదు. అక్కడ నేను టోకోఫెరాల్‌ని, అంటే విటమిన్ ఇ ని, గుర్తుగా పెట్టుకుంటాను. నూనెలు కంపు కొట్టకుండా కొద్దిగా వేస్తారు దాన్ని. బీహెచ్‌టీ కూడా అంతే. ఇది ఉజ్జాయింపు మాత్రమే సుమా.

పేర్లు చూసి బెదరకండి. సగం లాటిన్, కానీ సరుకు తెలిసిందే. రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్ అంటే ఆముదం. కోకోస్ న్యూసిఫెరా కొబ్బరి, సెసామమ్ ఇండికమ్ నువ్వులు, కర్కుమా లాంగా పసుపు. సెరా ఆల్బా అంటే తేనెతుట్టె మైనం. బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ బటర్ అని నోరు తిరగని పేరు కనిపిస్తే అది షియా బటర్. ఆక్వా అంటే నీళ్లు, అంతకంటే ఏమీ లేదు. ఆల్కహాల్ అన్న మాట దగ్గర మాత్రం ఆగి చదవండి. సీటైల్ ఆల్కహాల్, సీటియరిల్ ఆల్కహాల్ మైనంలా ఉండి చర్మాన్ని మెత్తబరుస్తాయి. ‘ఆల్కహాల్ డీనాట్’ ఇట్టే ఆవిరైపోయే అసలు ఆల్కహాల్. జాబితాలో అది పైన ఉంటే పొడిచర్మం ఉన్నవాళ్లకు పడకపోవచ్చు.

ఇక రెండు డబ్బాలను పోల్చడం. మా పనిలో రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి, ఒకేలా ఉన్నవి వదిలేసి తేడాలు మాత్రమే పట్టుకుంటాం. ఇక్కడా అదే చేస్తాను. నోటుబుక్కులో రెండు నిలువు గళ్లు. ఎడమవైపు నన్ను ఏడిపించిన బామ్: ఆముదం, తేనెమైనం, పొద్దుతిరుగుడు నూనె, షియా బటర్, టోకోఫెరాల్, మెంథాల్, క్యాంఫర్, అరోమా, లిమొనీన్, సిట్రాల్, సాకరిన్. కుడివైపు దానికి బదులు కొనాలనుకున్నది: పెట్రోలేటమ్ (అంటే పెట్రోలియం జెల్లీయే), మైక్రోక్రిస్టలైన్ వాక్స్, ఆముదం, షియా బటర్, టోకోఫెరాల్. రెండింట్లో ఉన్న ఆముదం, షియా, టోకోఫెరాల్ కొట్టేశాను. ఎడమవైపు మిగిలిన ఎనిమిదింట్లో మైనం, పొద్దుతిరుగుడు నూనె మాత్రమే పెదవికి పనికొచ్చేవి. మిగతా ఆరూ చల్లదనం, వాసన, రుచి కోసం. ఆ తీపి సాకరిన్ పుణ్యమా అని నేను రోజంతా పెదవులు నాకుతూనే ఉన్నాను. నాకిన తడి ఆరేటప్పుడు పెదవి ఇంకా ఎండుతుంది, మళ్లీ బామ్ రాయాలి. ట్యూబు త్వరగా అయిపోయేదంటే అవదూ మరి!

కొట్టేయగా మిగిలిన ప్రతి పేరునూ ‘నువ్వు చేసే పనేంటి?’ అని అడగాలి. పెదవికి కావలసింది ముఖ్యంగా మూత. పెదవి పైపొర మిగతా చర్మం కంటే పల్చన, నూనె గ్రంథులు కూడా దాదాపు ఉండవు, అందుకే లోపలి నీరు తొందరగా ఎగిరిపోతుంది. పెట్రోలేటమ్, మైనాలు, లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు) ఆ నీరు పోకుండా మూత వేస్తాయి. షియా, ఆముదం లాంటివి మెత్తబరుస్తాయి. గ్లిజరిన్, హయాలురోనేట్ నీటిని పట్టి ఉంచేవి. ఇవి మంచివే కానీ పైన మూత లేకపోతే పొడిగాలిలో వీటివల్ల ఒరిగేది తక్కువ. ఈ మూడు పనుల్లో ఏదీ చేయని పేరు కనిపిస్తే అది ఎందుకుందో కనుక్కోండి. రంగు కోసమో, వాసన కోసమో, డబ్బా ముందు గొప్పగా రాసుకోవడం కోసమో అయి ఉంటుంది.

వాసన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్, అరోమా ఒక్కటే మాటలా కనిపిస్తాయి గానీ ఆ మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు దాక్కుని ఉండొచ్చు. యూరప్‌లో అలర్జీ తెప్పించే కొన్నింటి పేర్లు విడిగా రాయాలి: రాసుకుని వదిలేసే ఉత్పత్తుల్లో 0.001 శాతం, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటితే. చాలాకాలం ఆ జాబితాలో 26 పేర్లుండేవి, 2023లో దాన్ని బాగా పెంచారు. లిమొనీన్, లినలూల్, సిట్రాల్, జెరానియోల్ కనిపిస్తే అవి అవే. ఎసెన్షియల్ ఆయిల్ సహజమే కదా అంటారు, ఈ పదార్థాలు అందులోనూ ఉంటాయి. సహజమైన ప్రొపోలిస్ (తేనెటీగలు చేసే జిగురు), లానొలిన్ కూడా కొందరికి పడవు. ‘అన్‌సెంటెడ్’ అని ఉంటే వాసన తెలియకుండా కప్పేసే సుగంధం వేసి ఉండొచ్చు, ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అన్నా సరే నేను జాబితా చూశాకే నమ్ముతాను.

లిప్‌స్టిక్ జాబితా చివర అంకెలు కనిపిస్తాయి, అవి రంగులు. సి.ఐ. (కలర్ ఇండెక్స్) 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 77492 పసుపుపచ్చది, 77499 నల్లది. 77891 టైటానియం డయాక్సైడ్, 77019 మైకా మెరుపు. 75470 అంటే కార్మైన్, కోషినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు. శాకాహారులకు ఇది తెలియడం ముఖ్యం. ప్లస్, మైనస్ గుర్తు పెట్టి బోలెడు అంకెలుంటే కంగారు పడకండి, ఆ వరుసలో వచ్చే షేడ్‌లన్నిటికీ కలిపి ఒకే జాబితా అచ్చేశారని అర్థం.

పెట్టె ముందువైపు రాసే మాటలకు నేనిచ్చే విలువ తక్కువ. ‘హైపోఅలర్జెనిక్’ అన్న మాటకు అర్థం ఇదీ అని అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో ఒక నిబంధన పెట్టింది. 1977లో కోర్టు దాన్ని కొట్టేసింది. దాంతో అక్కడ ఆ మాటను ఎవరికి తోచిన అర్థంలో వాళ్లు వాడుకోవచ్చు. ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ అంటే పరీక్షించారు, సరే, ఏం తేలిందో చెప్పరు. ‘పారబెన్ ఫ్రీ’ అంటే, పారబెన్ కూడా ఒక రకం ప్రిజర్వేటివే కాబట్టి, దాని స్థానంలో ఏం వచ్చిందో చూడండి. కొన్ని చోట్ల మిథైల్‌ఐసోథియాజొలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్ వచ్చి కూర్చుంది. దానివల్ల అలర్జీలు ఎంత పెరిగాయంటే, రాసుకుని వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని వాడకూడదని యూరప్ నిషేధించింది, 2017 నుంచి అమలు. ‘కెమికల్ ఫ్రీ’ అని చదివితే మాత్రం నాకు నవ్వొస్తుంది, నీళ్లు కూడా కెమికలే.

ఇంత చదివినా జాబితా అన్నీ చెప్పదు. శాతాలు ఉండవు, తయారీలో నైపుణ్యం కనిపించదు. ఒకే జాబితా ఉన్న రెండు క్రీముల్లో ఒకటి చర్మంలో ఇంకిపోతే ఇంకొకటి జిడ్డుగా నిలవొచ్చు. అందుకని కొత్తది ఏదైనా మోచేతి మడతలో లోపలివైపు రోజుకు రెండుసార్లు వారం, పది రోజులు రాసి చూస్తాను. దురద, ఎరుపు రాకపోతేనే మొహానికి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే తేడా వచ్చినప్పుడు దొంగ ఎవరో తేలదు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో ‘12ఎం’ అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలు వాడొచ్చని. తెరిచిన తేదీ నేను పెన్నుతో అడుగున రాసేస్తాను.

అట్టపెట్టె వెంటనే పారేయకండి. చిన్న ట్యూబుల మీద చోటు లేక జాబితాను పెట్టె మీదే అచ్చేస్తారు. నేను ఫోన్‌తో ఫోటో తీసి దాచుకుంటాను. కిందటిసారి నాకు బాగా పడిన ఆ కుడివైపు బామ్‌నే మళ్లీ కొన్నాను. అదే పేరు, అదే రంగు పెట్టె. అలవాటు కొద్దీ పాత ఫోటో పక్కన పెట్టి కొత్త పెట్టె చదివాను. టోకోఫెరాల్ తర్వాత ఒక మాట కొత్తగా చేరింది: అరోమా. ఆ ట్యూబు మూత తీయకుండానే తిరిగి ఇచ్చేశాను.