యాజకుల 24 వంతులను బైబిలు తరగతిలో బోధించే విధానం

నరసాపురం, పాలకొల్లు, రాజోలు ప్రాంతాల సంఘాలలో బైబిలు తరగతి నడిపేవారు దినవృత్తాంతముల మొదటి గ్రంథం 23 నుండి 26 వరకు గల అధ్యాయాలను పేర్ల పట్టికలుగా భావించి దాటవేయకూడదు. యాజకులు 24 వంతులుగా, అంటే గుంపులుగా ఏర్పడి వారం వారం మారుతూ ఆలయ సేవ చేసినందున ఆ సేవ ఏ ఒక్క కుటుంబానికీ సొంత ఆస్తి కాలేదు; ఆ ఏర్పాటు ఆ పేర్లలోనే ఉన్నది.

పాఠాన్ని లూకా సువార్త 1వ అధ్యాయంతో ఆరంభించడం మంచిది. అబీయా తరగతికి, అంటే అబీయా వంతుకు చెందిన యాజకుడు, బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి అయిన జెకర్యా కథ అందరికీ తెలిసినదే గనుక, ఆ తరగతి ఏమిటన్న ప్రశ్న వినేవారి నుండే వస్తుంది. జవాబు చెప్పే ముందు ఒక భేదాన్ని స్పష్టం చేయాలి: యాజకులందరూ లేవీ గోత్రికులే గాని, లేవీయులందరూ యాజకులు కారు. బలిపీఠం వద్ద సేవ మోషే అన్న అహరోను సంతతికే పరిమితం. మిగిలిన లేవీయులు వారికి సహాయకులుగా, గాయకులుగా, ద్వారపాలకులుగా పనిచేశారు.

తరువాత 24వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదివించాలి. అహరోను నలుగురు కుమారులలో నాదాబు, అబీహు సంతానం లేకుండా చనిపోయినందున ఎలియాజరు, ఈతామారుల వంశాలే మిగిలాయి. ఎలియాజరు వంశంలో పెద్దలు ఎక్కువమంది ఉన్నందున వారికి 16, ఈతామారు వారికి 8 వంతులు ఏర్పడ్డాయి. సంఖ్యలో తేడా ఉన్నా, వరుసను మాత్రం చీట్లు వేసి నిర్ణయించారు. దావీదు రాజు, అధిపతులు, యాజకులైన సాదోకు, అహీమెలెకు చూస్తుండగా షెమయా అనే లేఖికుడు పేర్లు వ్రాశాడు. మొదటి చీటి యెహోయారీబుకు, ఎనిమిదవది అబీయాకు వచ్చింది. పలుకుబడి గలవారు ముందు వరుసను కోరుకునే అవకాశమే లేకుండా అందరి ఎదుట జరిగిన ఈ పద్ధతిని ఎంత వివరించినా తక్కువే. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులు వేయడం మన రైతులకు అనుభవమే గనుక, ఆ ఉదాహరణ ఇక్కడ సరిపోతుంది.

వంతు మారే తీరును చూపడానికి దినవృత్తాంతముల రెండవ గ్రంథం 23వ అధ్యాయం తీసుకోవాలి. విశ్రాంతి దినాన ఒక వంతు సేవలో చేరగా మరొకటి సెలవు తీసుకొనేది. అతల్యా రాణిని తొలగించి బాలుడైన యోవాషును రాజుగా నిలిపిన రోజున యాజకుడైన యెహోయాదా ఏ వంతువారికీ సెలవియ్యలేదు. అందువలన వచ్చేవారూ వెళ్ళవలసినవారూ కలిసి ఆయనకు అండగా నిలిచారు. వారపు మార్పిడి ఎంత క్రమంగా సాగేదో ఈ ఘట్టం కన్నా బాగా తెలిపేది మరొకటి లేదని నా అభిప్రాయం.

గాయకుల విషయం క్లుప్తంగా చెప్పినా చాలును: 288 మందిని 12 మంది చొప్పున 24 వరుసలుగా విభజించారు. బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారిలో యెదాయా, ఇమ్మేరు, పషూరు, హారీము అనే నాలుగు యాజక కుటుంబాలే ఎజ్రా 2వ అధ్యాయంలో కనిపిస్తాయి. ఆ నాలుగింటి నుండే 24 వంతులను మళ్ళీ ఏర్పరచారని యూదుల సంప్రదాయం చెబుతుంది.

జెకర్యా ఆలయ సేవ తరువాత యోహాను, ఆ తరువాత ఆరవ నెలలో యేసు తల్లి గర్భంలో పడినట్లు లూకా చెప్పినందున, అబీయా వంతును బట్టి యేసు జన్మదినాన్ని లెక్కగట్టవచ్చునా అని తరగతిలో ఎవరైనా అడగవచ్చు. ఒక్కొక్క వంతు ఏడాదిలో ఒకటి కన్నా ఎక్కువసార్లు వచ్చేది. జెకర్యా ధూపం వేసినది వాటిలో ఏ వారమో లూకా చెప్పలేదు. కాబట్టి బోధకులు ఆ లెక్కను నిశ్చయంగా చెప్పక, ధూపం వేసే భాగ్యం కూడా జెకర్యాకు చీటి ద్వారానే లభించిందని చెప్పే 9వ వచనాన్ని చదివించాలి.