స్పానిష్ రొమాన్స్: నోట్స్ వచ్చేశాక మొదలయ్యే పని

గిటార్ పట్టినవాళ్ళు దాదాపు అందరూ ఏదో ఒక రోజు ఈ పీస్ జోలికి వెళ్తారు. స్పానిష్ రొమాన్స్ అంటారు, రొమాన్స్ అనోనిమో అంటారు, రొమాన్సా అని కూడా రాస్తారు, అన్నీ ఒకటే. ట్యాబ్ (ఏ తీగని ఎక్కడ నొక్కాలో చూపే రాత) ఎక్కడైనా దొరుకుతుంది, మొదటి ఆరు బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది) ఓపెన్ తీగల, అంటే నొక్కకుండా మోగే తీగల పుణ్యమా అని తేలిగ్గానే పడతాయి, తొమ్మిదో బార్ దగ్గర ఎడమ చెయ్యి మొరాయిస్తుంది, దాన్నీ ఎలాగో దాటేస్తారు, ఇంకొన్నాళ్ళకు చివరిదాకా వచ్చేస్తుంది. వచ్చాక రికార్డ్ చేసి వింటే ఏదో వెలితి. నోట్స్ అన్నీ కరెక్టే, కానీ పాట వినిపించదు. ఇక్కడ చెప్పేదంతా ఆ వెలితి గురించి, కాబట్టి ట్యాబ్ ఎలా చదవాలో, వేళ్ళు ఎక్కడ పెట్టాలో మొదటినుంచీ చెప్పుకురాను.

కారణం చాలా సింపుల్. ఈ పీస్ 3/4 లో ఉంటుంది, ప్రతి దెబ్బకీ మూడు నోట్లు, అంటే బార్‌కి తొమ్మిది. మన లెక్కలో చెప్పాలంటే మూడు దెబ్బలు, ఒక్కో దెబ్బలో ఒక తకిట. ఆ తొమ్మిదిలో పాట మూడే: ప్రతి తకిటలో ‘త’ మాత్రమే, అది మొదటి తీగ మీద ఉంగరపు వేలితో పడేది. మిగతా ఆరూ రెండో తీగ, మూడో తీగ మీద మధ్య వేలు, చూపుడు వేలు వేసే తోడు. తొమ్మిదింటినీ ఒకే బలంతో వాయిస్తే వినేవాడి చెవికి తొమ్మిదీ పడతాయి, ఆ మూడూ విడిగా అందవు. చాలామంది వాయించేది అలాగే, అందుకే కుట్టు మిషన్ తిరుగుతున్నట్టు ఉంటుంది.

కాబట్టి మొదటి పని గిటార్ పక్కన పెట్టి పాడటం. కర్ణాటక సంగీతం చెవిన పడ్డవాళ్ళకి ఇది మరీ సులువు, ఇ ని షడ్జం అనుకుంటే మైనర్ భాగం, అంటే పీస్ మొదటి సగం, మెలొడీ మొత్తం ఇంతే:

ప ప ప, ప మ గ, గ రి స, స గ ప,
స స స (పై స్థాయి), స ని ద, ద ప మ, మ ప ద,
ప ద ప, ని ద ప, ప మ గ, గ రి స,
రి రి రి, రి గ రి, స స స, స.

పదో బార్ దాకా ఇది నఠభైరవి స్వరాలే. పదో బార్‌లో వచ్చే ని మాత్రం కాకలి నిషాదం, గిటార్ భాషలో డి షార్ప్. ఆరో బార్‌లో విన్న కైశికి నిషాదం పోయి ఇది రాగానే ఒక్కసారిగా కీరవాణి వాసన కొడుతుంది, అక్కణ్ణించి ధైవతానికి దిగే ఆ పెద్ద గెంతులోనే పీస్‌కి ఉన్న బాధంతా ఉంది. ఇది రాగం కాదు, రాగంలా వాయించకూడదు కూడా, స్వరస్థానాలు పోల్చుకోవడానికే చెప్తున్నాను. పాడినప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూసుకోండి. నాలుగు బార్లకు ఒకసారి దానంతట అదే వస్తుంది. ఆ చోట్లు కాగితం మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి, తర్వాత గిటార్ మీద కూడా సరిగ్గా అక్కడే ఊపిరి ఆడాలి.

ఇప్పుడు కుడిచెయ్యి. మొదట లోపలి నోట్లు పూర్తిగా వదిలేసి, మొదటి తీగ మెలొడీ, బొటనవేలి బేస్ మాత్రమే వాయించండి. బేస్ బార్‌కి ఒక్కటే, మూడు దెబ్బలూ మోగుతూ ఉండాలి, మొదటి ఆరు బార్లూ అదే ఓపెన్ ఇ కాబట్టి ప్రతిసారీ గట్టిగా గుద్దితే విసుగు పుడుతుంది. మొదటి, అయిదో బార్లలో కాస్త బరువు, మిగతావాటిలో తక్కువ, చాలు. ఇలా రెండు గొంతులే వాయిస్తుంటే నిజానికి ఇది ఎంత చిన్న పాటో తెలుస్తుంది. అది బాగున్నాక మధ్య వేలు, చూపుడు వేలు కలపండి, తీగని తాకీ తాకనట్టు. ఉంగరపు వేలు సహజంగానే బలహీనం, బలమైన రెండు వేళ్ళూ తోడు పనిలో ఉన్నాయి, ఈ పీస్‌లో ఇబ్బందంతా ఈ తిరకాసు వల్లే. ఒక అభ్యాసం పనిచేస్తుంది: కావాలని ఉల్టాగా, లోపలి నోట్లు గట్టిగా, మెలొడీ మెత్తగా కొన్ని నిమిషాలు వాయించి, వెంటనే మామూలుగా మార్చండి. మూడు వేళ్ళ బలం మీద విడివిడిగా అదుపు రావాలంటే ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

రెస్ట్ స్ట్రోక్ వాడాలా అని అడుగుతారు. అంటే ఉంగరపు వేలు మొదటి తీగని మీటి రెండో తీగ మీద ఆనడం. మెలొడీకి మంచి ఒళ్ళు వస్తుంది, కానీ ఆ ఆనడం వల్ల రెండో తీగ మోత ఆ క్షణంలో తెగిపోతుంది, తోడులో చిన్న చిన్న గుంటలు పడతాయి. ప్రతి నోటుకీ వాడితే అవి వినపడతాయి. నా సలహా, బార్‌లో మొదటి నోటుకో, నాలుగు బార్ల వాక్యంలో ముఖ్యమైన నోటుకో వాడి, మిగతావి మామూలుగా మీటడం. గోరు మాత్రం చూసుకోండి, ఉంగరపు వేలి గోరు అంచు గరుకుగా ఉంటే ఎంత బాగా వాయించినా మెలొడీ గీరినట్టే వస్తుంది.

ఇక ఆకారం. మొదటి నాలుగు బార్లు పంచమం నుంచి షడ్జానికి దిగి మళ్ళీ పంచమానికి ఎక్కుతాయి, ఆ ఎక్కడం అయిదో బార్‌లో పన్నెండో ఫ్రెట్ (మెడ మీద కమ్మీలతో విడగొట్టిన గడి) దాకా తీసుకెళ్తుంది. పీస్‌లో ఈ భాగం వరకు ఎత్తైన నోటు అదే, కాబట్టి అందరూ అక్కడే గట్టిగా వాయించేస్తారు. నేనైతే అక్కడ బలం దాచుకోమంటాను, ఎందుకంటే అసలు ఉద్వేగం పదో బార్‌లో ఉంది. ఎత్తు వేరు, టెన్షన్ వేరు. అయిదో బార్‌ని కాస్త తీయగా, కుడిచెయ్యి మెడ వైపు జరిపి, ఎడమ చేతి వేలితో చిన్న వైబ్రాటో ఇచ్చి వాయిస్తే సరిపోతుంది. ఈ వైబ్రాటో తీగ పొడవునా ముందుకీ వెనక్కీ చేసేది, తీగని పక్కకి లాగేది కాదు. వీణ వినే అలవాటున్నవాళ్ళ చెయ్యి తెలియకుండానే పక్కకి లాగుతుంది, ఇక్కడ అది ఇమడదు. తర్వాత ఆరు నుంచి తొమ్మిది దాకా మెల్లగా బలం పెంచుకుంటూ వెళ్ళి పదిలో కాకలి నిషాదం దగ్గర పూర్తిగా ఇచ్చేయండి, పదకొండు నుంచి దిగిపోవడమే.

ఆ దారిలో ఉన్న అడ్డంకులు రెండు. ఏడో బార్‌లో అయిదో ఫ్రెట్ దగ్గర బ్యారే పట్టాలి, అంటే చూపుడు వేలు తీగల మీద అడ్డంగా పరిచి నొక్కడం. ఇక్కడ బేస్ ఓపెన్ ఎ తీగ, కాబట్టి ఆరు తీగలూ నొక్కడం అనవసరమే కాదు, తప్పు కూడా. కింది మూడు తీగలే (ఒకటి, రెండు, మూడు) చాలు. ఆరూ నొక్కేస్తే బేస్ మారిపోతుంది, పైగా తర్వాతి బార్లకి కావాల్సిన ఓపిక ఇక్కడే అయిపోతుంది. తొమ్మిదో బార్‌లో ఏడో ఫ్రెట్ దగ్గర పూర్తి బ్యారే తప్పదు, కానీ అందులోనూ వేలు నిజంగా నొక్కాల్సింది ఆరో తీగ, రెండో తీగ, మొదటి తీగ. మూడో తీగని మధ్య వేలు ఎనిమిదో ఫ్రెట్ మీద పట్టుకుంటుంది, నాలుగు, అయిదు తీగలు అసలు మోగవు. అందుకని వేలిని చెక్కలా బిగించకుండా, కొననీ మొదలునీ ఆనించి మధ్యలో కాస్త వదులుగా ఉంచండి. 

పదో బార్‌లో ఆ పట్టు అలాగే ఉంచి చిటికెన వేలు పదకొండో ఫ్రెట్‌కి చాచాలి. భయపెట్టే సాగుడే, కానీ లెక్క చూస్తే అంత కాదు: 650 మిల్లీమీటర్ల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న మామూలు క్లాసికల్ గిటార్‌లో ఏడో ఫ్రెట్ కమ్మీ నుంచి పదకొండో దానికి దూరం దాదాపు 9 సెంటీమీటర్లు, అదే సాగుడు ఒకటో ఫ్రెట్ నుంచి అయిదో ఫ్రెట్‌కి అయితే 12.5 దాటుతుంది. చిటికెన వేలిని ముందు పదకొండు మీద పెట్టి, ఆ తర్వాత మధ్య వేలు, చివర్న బ్యారే, ఈ వరసలో విడిగా సాధన చేయండి. మెడ వెనక బొటనవేలు కిందికి జరగాలి, మోచెయ్యి కాస్త ముందుకి రావాలి. నొప్పి వస్తే ఆపేయండి, ఇందులో మొండితనం పనికిరాదు. ఎనిమిదో బార్ నుంచి తొమ్మిదికి వెళ్ళేటప్పుడు చాలామంది ఆగుతారు. పాట కోసం ఆగడం వేరు, చేతికి కుదరక ఆగడం వేరు, వినేవాళ్ళకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ముందు మెట్రోనోమ్‌తో (సమంగా దెబ్బలు కొట్టే పరికరం) ఆగకుండా దాటడం రావాలి, వచ్చాక కావాలంటే ఆగండి.

వేగం గురించి, వాక్యాల బలం గురించి ఇంతగా మనమే తేల్చుకోవాల్సి రావడానికి ఒక కారణం ఉంది. దీన్ని ఎవరు రాశారో తేలలేదు, స్వరకర్త చేతి రాతప్రతి అని పట్టుకుని చూసుకునేది లేదు. ప్రపంచమంతా పాకింది మాత్రం 1952లో రెనె క్లెమాఁ తీసిన ఫ్రెంచ్ సినిమాలో నార్సిసో యెపెస్ వాయించాక. చిన్నప్పుడు అమ్మ కోసం తనే కట్టానని యెపెస్ చెప్పుకున్నారు. కానీ ఆయన పుట్టిందే 1927లో, అంతకు చాలా ముందే మైనపు సిలిండర్ మీద ఈ ట్యూన్ రికార్డయి ఉంది. ఫెర్నాండో సోర్, టారెగా, ఆంటోనియో రోవిరా, ఇలా చాలా పేర్లు దీనికి తగిలించారు. అందుకే ఒక్కో పుస్తకంలో వేళ్ళ గుర్తులూ, బలం గుర్తులూ ఒక్కోలా ఉంటాయి. ఏదో ఒక ఎడిషన్‌లో ఉన్న గుర్తుని శాసనంలా పట్టుకోకండి, మీరు పాడినప్పుడు వచ్చిందే వాయించండి.

సాధన నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెడితే సెకనుకి మూడు నోట్లు పడతాయి, అది ఎవరికైనా అందే వేగం. నా చెవికి 80, 90 మధ్యలో బాగుంటుంది. అంతకంటే వేగంగా వెళ్తే తకిటలు మెరుస్తాయి కానీ పాడటానికి ఊపిరి చాలదు.

మైనర్ భాగం రెండుసార్లు వస్తుంది. రెండోసారీ అచ్చం అలాగే వాయిస్తే ఎందుకు వచ్చిందో అర్థం కాదు. రెండోసారి కుడిచేతిని సౌండ్‌హోల్ దాటించి మెడకి దగ్గరగా తీసుకెళ్ళి ఇంకాస్త మెత్తగా మొదలుపెట్టండి. ఇది పాత ఉపాయమే, ఇప్పటికీ పనిచేస్తుంది.

తర్వాత ఇ మేజర్. కర్ణాటక చెవికి దాదాపు శంకరాభరణం స్వరాలు. మెలొడీ నాలుగో ఫ్రెట్ మీద, అంటే మారిన ఆ గాంధారం మీదే మొదలవుతుంది, కాబట్టి వెలుతురు వచ్చిందని చెప్పడానికి గట్టిగా వాయించనక్కర్లేదు, ఆ ఒక్క నోటు శుభ్రంగా పలికితే చాలు. మైనర్ చివరి నోటు తర్వాత ఒక్క ఊపిరి తీసుకుని మొదలుపెట్టండి, పెద్ద గ్యాప్ ఇస్తే జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు. ఈ భాగంలో బ్యారేలు ఎక్కువ, ఓపెన్ తీగల సాయం తక్కువ, అందుకని ఇక్కడికొచ్చేసరికి వేగం తగ్గిపోతుంది. మేజర్ భాగానికి మీ చెయ్యి తట్టుకునే వేగం ఏదో ముందే తేల్చుకుని, మైనర్‌ని కూడా ఆ వేగంలోనే మొదలుపెట్టండి. చివర్న మళ్ళీ మైనర్‌కి వచ్చి ముగించాలి. ఆ ఆఖరిసారి పదమూడు, పద్నాలుగు బార్లలో ‘రి’ మీద కాస్త నెమ్మదించి, పదిహేనులో షడ్జం చేరాక ఇంక సాగదీయకండి.

స్టీల్ తీగల గిటారే ఉందా? వాయించొచ్చు. కానీ దాని మెడ ఇరుకు, క్లాసికల్ గిటార్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర 52 మిల్లీమీటర్లు ఉండేది ఇందులో 43 దగ్గర ఉంటుంది, కుడిచేతి వేళ్ళు పక్క తీగలకి తగులుతాయి. బ్యారేకి బలం ఎక్కువ కావాలి, గోళ్ళు తొందరగా అరుగుతాయి. ఈ ఒక్క పీస్ కోసమైనా నైలాన్ తీగల గిటార్ ఎవరి దగ్గరైనా అడిగి చూడండి.

నలుగురి ముందు వాయించేటప్పుడు నైలాన్ తీగలు ఏసీ హాల్లోకి రాగానే శ్రుతి తప్పుతాయి, కొంచెం ముందే వెళ్ళి అక్కడే ఉంచి, కూర్చున్నాక ఆరో తీగనీ మొదటి తీగనీ ఇంకోసారి చూసుకోండి, రెండూ ఇ లే కాబట్టి వాటి మధ్య తేడా ఉంటే మొదటి బార్‌లోనే బయటపడుతుంది. చేతులు చల్లబడితే తొమ్మిదో బార్ రాదు, ముందుగా నాలుగైదు బ్యారేలు పట్టి వేడి చేసుకోండి. మొదలుపెట్టే ముందు మొదటి రెండు బార్లు మనసులో పాడుకుని ఆ వేగంలోనే అందుకోండి, లేకపోతే కంగారులో కచ్చితంగా ఎక్కువ వేగం పడుతుంది. మధ్యలో మర్చిపోతే వెనక్కి వెళ్ళి వెతుక్కోవద్దు. బొటనవేలితో ఇ బేస్ కొట్టి పదకొండో బార్‌కి దూకేయండి, అది రెండో బార్ లాంటిదే కాబట్టి చేతికి ఎప్పుడూ గుర్తుంటుంది, అక్కడ కొన్ని బార్లు ఎగిరిపోయాయని చాలామందికి తెలియను కూడా తెలియదు. మేజర్‌లో తప్పితే మాత్రం ఆ భాగం మొదటి బార్‌కే వెళ్ళండి, ఎలాగూ అది రెండుసార్లు వాయించాల్సిందే.