ఛాసీ చిరుగుకు పట్టీ వేసిన కథ

నా పాత స్పోర్ట్స్ కారులో క్లచ్ వదిలినప్పుడల్లా వెనక ‘ఠక్’మనేది. ఇంజిన్ శక్తిని వెనక్కి చేర్చే కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, జాయింట్లు మార్చాను. శుద్ధ దండగ! బాడీ ఎత్తాక తెలిసింది: డిఫరెన్షియల్‌ను (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టెను) మోసే బ్రాకెట్ అతికి ఉన్న చోట ఛాసీ (కారును మోసే చట్రం) రేకే చిరిగింది.

చిరుగు మీద ఊరికే వెల్డింగ్ పెడితే పక్కనే మళ్లీ పగులుతుంది. అందుకే పగులు ఇంకా పాకకుండా దాని కొసల్లో 3 మి.మీ. రంధ్రాలు చేసి, పగులు వెంబడి గాడి తీసి వెల్డింగ్‌తో నింపాను. తర్వాత బ్రాకెట్ తెరిచి ఉన్న వైపును రేకుతో పెట్టెలా మూసేశాను. రేకు మందం ఛాసీదే. మరీ మందమైతే భారమంతా దాని అంచు మీదే పడుతుంది.

వేడికి ఛాసీ వంకరపోకుండా వెల్డింగ్ అంగుళం చొప్పున, పక్కలు మార్చుకుంటూ వేశాను. ఒక్కచోట తొందరపడి పొడుగ్గా లాగేశాను. ఛాసీ ఐమూల (మూల నుంచి ఎదుటి మూలకు) కొలతలో 2 మి.మీ. తేడా! కోసి మళ్లీ అతికించాను. చివరికి తుప్పు పట్టకుండా లోపల మైనం కొట్టాను, నీరు కారే రంధ్రాలు మూయకుండా.