ఎండలు ముదరకముందే సిక్లిడ్ ట్యాంకు అడుగు శుభ్రం చేసుకోండి

అక్వేరియంలో సిక్లిడ్ జాతి చేపలు పెంచేవాళ్లు ఈ పని మార్చిలోనే మొదలుపెట్టాలి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 32 డిగ్రీలకు అది 7.3కి పడిపోతుంది. పైగా వేడిలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. ఇసుకలో పేరుకున్న మలం, మిగిలిపోయిన మేత కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. అలాంటప్పుడు రాత్రిపూట కరెంటు పోతే తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లున్న ట్యాంకుకు ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటికి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 8 చుట్టుపక్కల ఉండాలి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, మురికి కుళ్లినప్పుడు వచ్చే అమ్మోనియాలో విషంగా మారే వాటా దాదాపు పది రెట్లవుతుంది. వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. తక్కువ పీహెచ్‌లో పెరిగే ఆస్కార్ అనే సిక్లిడ్ ట్యాంకు తట్టుకునే మురికి ఇక్కడ ప్రాణాల మీదకు తెస్తుంది.

అలాగని ఒకే రోజు ఇసుకంతా బయటికి తీసి కడగొద్దు. అమ్మోనియాను తగ్గించే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌తో పాటు అడుగులోనూ ఉంటుంది. ఈ వారం మూడో వంతు, వచ్చే వారం ఇంకో మూడో వంతు చేయండి. ఫిల్టర్ స్పాంజిని అదే రోజు ముట్టుకోకండి.

ముందు హీటర్, ఫిల్టర్ ప్లగ్గులు తీసేయండి. నీళ్లు తగ్గి బయటపడిన హీటర్ ఆన్‌లో ఉంటే పగిలిపోతుంది. మురికిని నీళ్లతో పాటు లాగే సైఫన్ పైపును నోటితో పీల్చకండి. చేతికి గాయముంటే గ్లవ్స్ తప్పనిసరి, ట్యాంకు నీటి బ్యాక్టీరియాతో చర్మానికి మొండి ఇన్ఫెక్షన్ రావచ్చు.

గులకరాళ్లయితే పైపును లోపలికి గుచ్చి, మురికి పైకి లేచాక తీయాలి. ఇసుకయితే ఒకటి రెండు సెంటీమీటర్ల పైనే ఉంచి తిప్పితే చాలు. సిక్లిడ్లు తవ్వుతాయి కాబట్టి పైపొర వాటంతటవే కదులుతుంది. మురికి నిలిచేది రాళ్ల వెనక, మూలల్లో, ఫిల్టర్ నీటి ప్రవాహం తగలని చోట. ఇసుక మందం ఐదు సెంటీమీటర్లు మించకపోతే మంచిది. నల్ల మచ్చలు, కుళ్లిన గుడ్ల వాసన ఉంటే ఆ చోటును ఒక్కసారిగా కెలకొద్దు, కొంచెం కొంచెంగా పైపుతో లాగేయండి. పెద్ద రాళ్లు ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీదే ఆనేలా ఉండాలి, లేకపోతే చేప కింద తవ్వితే రాయి ఒరిగి అద్దం పగులుతుంది. గుడ్లకు కాపలా కాస్తున్న జంట ఉంటే ఆ గుంట వదిలేయండి.

నీళ్లు పాతిక శాతానికి మించి మార్చక్కర్లేదు. మన దగ్గర చాలామంది మరచిపోయేది మేడ మీద ట్యాంకు నీళ్ల సంగతి. మధ్యాహ్నం అవి కాగిపోయి వస్తాయి. తెల్లవారుజామునే పట్టుకుని, చేత్తో కాకుండా థర్మామీటర్‌తో చూసి, మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి పోయండి.

వేసవిలో మేత తగ్గించండి, రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. కరెంటు గంటల తరబడి పోయి వచ్చినప్పుడు క్యానిస్టర్ ఫిల్టర్‌ను (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) వెంటనే ఆన్ చేయకండి. అందులో నిలవున్న నీళ్లు చెడిపోయి ఉంటాయి. వాటిని పారబోసి, ట్యాంకు నీళ్లతో కడిగి పెట్టండి.