బారువ చిల్కా ఓడ దగ్గర డైవింగ్: లోతు కాదు, కెరటం చూసుకోండి

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం బారువ తీరానికి ఎదురుగా మునిగిన చిల్కా ఆవిరి ఓడ పెద్ద లోతులో లేదు. అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పైన కెరటం లేస్తే ముప్ఫై మీటర్ల అడుగున పెద్దగా తెలియదు. ఏడెనిమిది మీటర్లలో అయితే అదే ఊపు మనిషిని తుప్పుపట్టిన రేకుల మీదికి తోసేస్తుంది. ఒడ్డున కెరటాలు విరగడం గట్టిగా కనిపిస్తే ఆ రోజుకి మానుకోవాలి.

జనవరి నుంచి మార్చి వరకు కాస్త నమ్మదగిన కాలం. వానల్లో మహేంద్రతనయ నది తెచ్చే బురదతో చేయి చాస్తే వేళ్లు కనిపించవు. అక్టోబరు, నవంబరు తుఫాన్లవి; 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లా తీరాన్నే దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పడవ దొరకడమే కష్టం. ఏ నెలైనా గాలి లేవకముందే, పొద్దున్నే దిగాలి.

ఓడ ఎక్కడుందో అక్కడ వలలు పోగొట్టుకున్న జాలర్లకు బాగా తెలుసు. లంగరు ఓడ మీద వేయనివ్వకండి, పక్కన ఇసుకలో వేయించండి. బరువు కట్టిన తాడు, బోయా వేసుకుని ఆ తాడు వెంటే దిగండి. చెవులు నొప్పి పెట్టకముందే, ప్రతి మీటరుకూ ఒత్తిడి సరిచేసుకోవాలి.

నీరు వెచ్చగా ఉన్నా 3 మిల్లీమీటర్ల పూర్తి సూటు, చేతి తొడుగులు తప్పవు. ఇనుముకు పట్టిన గుల్లలు బ్లేడులా కోస్తాయి. ధనుర్వాతం టీకా ముందే వేయించుకోండి. కోసే పనిముట్లు రెండుండాలి: ఒకటి ఛాతీ దగ్గర, ఒకటి ముంజేతికి. ఏ చేయి చిక్కినా రెండో చేతికి ఒకటి అందాలి. నైలాన్ దారానికి కత్తి కన్నా గట్టి కత్తెర నయం.

వల తగిలితే వెనక్కి తిరిగి చూడొద్దు. తిరిగినకొద్దీ సిలిండరు వాల్వు చుట్టూ ఇంకా బిగుస్తుంది. ఆగి, ఊపిరి నిదానం చేసుకుని, తోడున్నవారికి సైగ చేయండి. వెనకవైపు వాళ్లు కోయడమే మంచిది.

గాలి లెక్క ఇది. 11 లీటర్ల సిలిండరులో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే సుమారు 2,200 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి 10 మీటర్లలో ఒత్తిడి రెట్టింపు కాబట్టి 40 కావాలి. 50 బార్ మిగుల్చుకుంటే నలభై నిమిషాలు వస్తుంది, కానీ ఊపుకు ఎదురీదితే అది సగానికి పడిపోవచ్చు. 100 బార్‌కే తాడు వైపు తిరగండి. దారికి దిక్సూచిని నమ్మొద్దు, ఇంత ఇనుము పక్కన ముల్లు తప్పు చూపిస్తుంది.

ఓడ లోపలికి వెళ్లడానికి వేరే శిక్షణ, దారి తాడు, రెండు లైట్లు కావాలి. అవి లేనివారు బయటే ఉండాలి. ఫిన్లు (కాళ్లకు తొడిగే తెడ్లు) కిందికి కొట్టకుండా కప్పలా పక్కలకు తన్నితే బురద లేవదు. వందేళ్లు దాటిన వస్తువులకు పురావస్తు చట్టం వర్తిస్తుంది కాబట్టి బోల్టు కూడా తీయకండి.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించొద్దు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. ఊపిరి మాత్రం క్షణమైనా బిగబట్టొద్దు. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో గాలి రెట్టింపవుతుంది, పైగా కెరటం మనకు తెలియకుండానే పైకి ఎత్తేస్తుంది. వేట పడవలు తిరిగే చోటు కాబట్టి తల బయట పెట్టకముందే గుర్తు బోయా వదలాలి.

ఇక్కడిదాకా వచ్చాం కదా అని అదే సాయంత్రం 1,501 మీటర్ల మహేంద్రగిరి ఎక్కే సరదా కొందరిది. ఎత్తుకు వెళ్తే డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది, కాబట్టి రెండు మూడు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలి. కీళ్ల నొప్పి, తిమ్మిరి, మాట తడబాటు కనిపిస్తే పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వండి. సముద్రంలో ఉంటే కోస్ట్ గార్డ్ 1554కు, ఒడ్డున ఉంటే 108కు ఫోన్ చేయండి. మళ్లీ నీళ్లలోకి దించి నయం చేద్దామనే సలహా వినొద్దు.