పెట్టె మూత కోసే ముందు

మూతను విడిగా చేసి అమర్చే కంటే, పెట్టె ఆరు వైపులా మూసి అతికించేసి, తర్వాత చుట్టూ కోసి మూతను విడదీయడమే నాకు నచ్చిన పద్ధతి. టేకు చార మూత మీంచి పెట్టె మీదకి తెగకుండా దిగుతుంది. కొలత తేడా రాదు. కాకపోతే రెండు వారాల పని రెండు నిమిషాల్లో పాడయ్యేది కూడా ఇక్కడే.

నా మొదటి పెట్టె అలాగే పోయింది. ఇక్కడ చెన్నైలోనే, తెలిసినవాళ్ళ కటింగ్ మిషన్ (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చేది) మీద మూడు వైపులు చక్కగా తెగాయి. నాలుగోది కోస్తుంటే తెగిన సందు మూసుకుని బ్లేడును పట్టేసింది. పెట్టె ఎగిరొచ్చి నా పొట్టకు తగిలింది, అంచున జానెడు గాటు మిగిలింది. పక్కనున్న ముసలి వడ్రంగి అన్నది ఒక్క మాటే: "అవసరప్పడాదీంగ సార్." మనకు అవసరం అంటే వేరు, అరవంలో అవసరం అంటే తొందర.

అందుకే ఇప్పుడు నాలుగు వైపులా ఏ వైపూ పూర్తిగా కోయను. పలక 12 మిల్లీమీటర్ల మందం ఉంటే బ్లేడు 11 దాకానే లేపుతాను. నాలుగు వైపులా తిప్పి కోశాక కూడా లోపల మిల్లీమీటరు పొర పట్టుకునే ఉంటుంది, కాబట్టి మూత కదలదు, బ్లేడు ఇరుక్కోదు. ఆ పొరను పదునైన కత్తితో నాలుగైదు సార్లు గీస్తే మూత చేతిలోకి వస్తుంది. పలక మందం ముందే నాలుగు చోట్ల కొలవండి. చిత్రిక పట్టిన పలక ఒక చోట 12, ఇంకో చోట 11 ఉంటే అక్కడ బ్లేడు లోపలికి దూరిపోతుంది.

చేతి రంపమైతే చుట్టూ గీత గీసి, మూల దగ్గర మొదలుపెట్టండి. రెండు వైపుల గీతలూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక్కో వైపు కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ కోయాలి, ఒకే వైపు పూర్తిగా దించేస్తే అవతల గీత తప్పుతుంది.

అతికించే ముందే చూసుకోవాల్సినవీ ఉన్నాయి. మిషన్ బ్లేడు 3 మిల్లీమీటర్ల దాకా చెక్కను తినేస్తుంది, ఆ మేరకు ఎత్తు కలుపుకోండి. కోత పడే చోట మేకు ఉండకూడదు. మూలల్లో వేళ్ళ అతుకు (పలకల అంచుల్ని వేళ్ళలా కోసి ఒకదాన్లో ఒకటి దూర్చేది) పెడితే, కోత పడే వేలిని ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు చేయాలి. లోపలి పాలిష్ ముందే అయిపోవాలి. ఫెవికాల్ ఒక రోజు ఆరితే చాలు, కానీ అక్టోబరు వానలు పట్టుకున్నాక రెండు రోజులైనా వదలండి. అసలు ఆ వానలకు ముందే కోత ముగిస్తే టెన్షన్ ఉండదు.

మిషన్ దగ్గర గ్లవ్స్ వద్దు, బ్లేడు వాటిని పట్టేస్తే చేతిని కూడా లాగేస్తుంది. వేలాడే తువ్వాలు తీసేయండి. కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి. బ్లేడుకు ఎదురుగా కాకుండా ఒక పక్కకు నిలబడండి.

కోసే ముందు మూత మీద, పెట్టె మీద కలిసేలా పెన్సిల్‌తో ఒక త్రికోణం గీయండి. లేదంటే విడిపోయాక ఏది ముందు వైపో తెలియదు. కోసిన అంచుల్ని చేతిలో పట్టుకుని రుద్దితే మూలలు అరిగిపోతాయి. వంటింటి గ్రానైట్ మీద 120 నంబరు ఉప్పుకాగితం అతికించి (ఇంట్లో అడిగే చేయండి!), అంచంతా పెన్సిల్‌తో గీకి, పెట్టెను బోర్లించి రుద్దండి. గీతలన్నీ చెరిగిపోయిన క్షణాన ఆపేయాలి.

మడత బందులు వెంటనే బిగించకండి. మూతను పెట్టె మీద ఉంచి, తాడు కట్టి, నీడలో రెండు రోజులు వదిలితే వంపు ఏమైనా ఉంటే బయటపడుతుంది. ఇత్తడి స్క్రూలను నేరుగా టేకులోకి తిప్పితే తల ఊడి, మొండెం లోపలే ఉండిపోతుంది. సన్న కంత వేసి, ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి తీసి, ఆ దారిలో ఇత్తడిది పెట్టండి.